నాలుగు ఆదివారాలు, వంద రూపాయలు, ఒక తడిగుడ్డ థర్మామీటర్

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, తిట్లూ మెచ్చుకోళ్లూ తర్వాత తీరిగ్గా. ప్రకృతి విపత్తులు వస్తే మనిషి ఆరోగ్యానికి ఏమవుతుందో చెప్పడానికి మా విజయవాడలో నాలుగు ఆదివారాలు పెట్టిన సైన్సు ప్రసంగాల గురించి ఇది. మళ్లీ పెడితే వెళ్లండి. నాలుగు ప్రసంగాల్లో రెండు చాలా బాగున్నాయి, ఒకటి పర్వాలేదు, ఒకటి మాత్రం శుద్ధ నిద్ర. టికెట్ నాలుగు వారాలకీ కలిపి వంద రూపాయలు, కాలేజీ పిల్లలకి యాభై, మధ్యలో టీ, రెండు బిస్కెట్లు. మా సెంటర్‌లో ఆ డబ్బుకి ఇప్పుడు ప్లేటు బిర్యానీ కూడా రావట్లేదు.

నిజానికి నాకు వెళ్లాలని లేదు. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు నా షాపులో రెండు జిరాక్సు మిషన్లు, ఒక లామినేషన్ మిషన్, స్కూళ్లు తెరిచాక అమ్ముడుపోగా మిగిలిన నోటుపుస్తకాలు, అన్నీ పోయాయి. అప్పటినుంచి వరద గురించి ఎవరు మాట్లాడినా లేచి వెళ్లిపోవడం నాకు అలవాటైంది. కానీ మావాడు ఫస్టియర్ బైపీసీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు, ఎక్కడో కరపత్రం దొరికితే పట్టుకొచ్చి "నాన్నా, ప్రకృతి విపత్తులు వస్తే మనిషి ఒంటికి ఏమవుతుందో సైన్సు వాళ్లు చెబుతారట, వెళ్దాం" అని వారం రోజులు పోరు పెట్టాడు. ఆ కరపత్రం ప్రింటు చేయించింది మా షాపులో కాదు, అదొక చిన్న బాధ నాకు. సరే, 2025 ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు వెళ్లాం.

హాలు సంగతి ముందే చెప్పాలి, లేకపోతే వెళ్లాక నన్ను తిట్టుకుంటారు. పాత బిల్డింగు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లాలంటే ఆలోచించుకోండి. పది గంటలకి అని వేస్తారు, పది యాభైకి మొదలవుతుంది, ఎందుకంటే ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత ప్రార్థనాగీతం, తర్వాత శాలువాలు. మొదటి వారం ఆరు శాలువాలు లెక్కపెట్టాను. ఏప్రిల్‌లో విజయవాడలో శాలువా కప్పించుకున్న పెద్దమనిషికే ముందు వడదెబ్బ చికిత్స చేయాలేమో అని మావాడు నా చెవిలో అంటే నవ్వాపుకోలేక చచ్చాను.

రెండో వారంతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను కుర్చీలోంచి కదలకుండా విన్నది అదే. మాట్లాడింది ఒక రిటైర్డ్ డాక్టరమ్మ, చాలా ఏళ్లు పీహెచ్‌సీల్లో చేసి వచ్చిన మనిషి. ఆవిడ స్లైడ్ వేయలేదు, నమస్కారం కూడా సగమే పెట్టారు. "వరదప్పుడు నీళ్లలో కొట్టుకుపోయి గానీ, కరెంటు షాక్ కొట్టి గానీ దెబ్బతిన్నవాళ్లు మీ ఇళ్లల్లో ఎంతమంది? చేతులెత్తండి" అన్నారు. హాల్లో మూడు చేతులు లేచాయి. "నీళ్లు పోయాక జ్వరం, విరేచనాలు, కాలివేళ్ల మధ్య పుళ్లు, దద్దుర్లు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం?" అంతే, హాలంతా చేతులే. నాదీ లేచింది. "ఇవాళ చెప్పేది ఈ రెండో లెక్క గురించి" అని మొదలుపెట్టారు.

నాకు ఈ ప్రసంగాల మొత్తంలో పనికొచ్చింది ఆ రెండో లెక్కే. టీవీవాళ్లు నీళ్లున్నన్ని రోజులూ ఉంటారు, డ్రోన్లతో పులిహోర పొట్లాలు దింపడం చూపిస్తారు, ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందని పొద్దస్తమానం చెబుతారు. నీళ్లు తీసేసరికి వాళ్లూ వెళ్లిపోతారు. మనకి అసలు కథ అక్కడ మొదలవుతుంది. ఆవిడ చెప్పిన ఉదాహరణ ఒకటి నా బుర్రలోంచి పోవట్లేదు. 2017లో అమెరికా కిందుండే ప్యూర్టో రికో దీవిలో మరియా అనే తుపాను వచ్చింది, ప్రభుత్వం మొదట 64 మంది పోయారని లెక్క చెప్పింది, ఏడాది తర్వాత సరిగ్గా లెక్కతీసి ఆ సంఖ్యని 2,975కి మార్చుకుంది. ఆ తేడా అంతా గాలికి ఎగిరిపోయినవాళ్లు కాదు, నెలల తరబడి కరెంటు లేక, డయాలసిస్ అందక, ఆక్సిజన్ మిషన్ ఆడక, ఇన్సులిన్ దొరక్క పోయినవాళ్లు. మా వీధి చివర డయాలసిస్‌కి వెళ్లే ఒకాయన్ని ఆ సెప్టెంబర్‌లో ట్రాక్టర్ మీద బయటికి తీసుకొచ్చారు, ఆ రోజు మాకది పెద్ద విశేషంగా అనిపించలేదు. హాల్లో కూర్చున్నాక అర్థమైంది.

తర్వాత బల్ల మీద రెండు గాజు జాడీలు పెట్టారు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఏలూరు కాలవ నీళ్లు, టీ రంగులో ఉన్నాయి. రెండింట్లోనూ ఒకే కొలత క్లోరిన్ ద్రావణం చుక్కలు వేయించారు, వేసింది మావాడే, ముందు వరసలో కూర్చున్నందుకు. అరగంట పక్కన పెట్టి మాట్లాడుతూ ఉన్నారు. అరగంటయ్యాక, నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో రంగుతో చెప్పే, మున్సిపాలిటీ వాళ్ల దగ్గర ఉండే క్లోరోస్కోప్ గొట్టంలో రెండింటినీ పోసి చుక్కమందు వేస్తే కుళాయి నీళ్లు పసుపురంగు తిరిగాయి. కాలవ నీళ్లు తిరగలేదు. అలాగే ఉన్నాయి. "వేసిన క్లోరిన్ అంతా బురద తినేసింది, ఇక క్రిముల్ని చంపడానికి ఏం మిగల్లేదు" అన్నారు.

ఇక్కడ నా వెధవతనం ఒకటి ఒప్పుకోవాలి. వరద తీశాక మా సంపులో జానెడు బురదుంది. దాన్ని తోడకుండా, ఫ్రీగా ఇచ్చారు కదా అని కిలో బ్లీచింగ్ పౌడర్ అందులో కుమ్మరించి, వాసన ఘాటుగా వస్తోంది కాబట్టి నీళ్లు శుభ్రమైపోయాయనుకున్నాను. ఆ నీళ్లతో స్నానం చేసి ఇంటిల్లిపాదీ గోక్కున్నాం, మా అత్తయ్యకి మూడు రోజులు విరేచనాలు. లేచి ఇదే చెబితే డాక్టరమ్మ తిట్టలేదు, "సింగ్‌నగర్‌లో సగం మంది అదే చేశారు బాబూ" అన్నారు. ముందు బురద తోడి, గోడలు కడిగి, నీళ్లు తేరుకున్నాక, తేరకపోతే పటిక తిప్పి, బట్టలో వడకట్టి, అప్పుడు క్లోరిన్ వేసి కనీసం అరగంట ఆగాలట. తాగేవైతే కళపెళ మరిగించడం అన్నిటికంటే భద్రం. అయితే డీజిలో, పురుగుమందో కలిసిన నీళ్లని క్లోరిన్ వేసినా, మరిగించినా బాగుచేయలేం, అవి పారబోయాల్సిందే. వెనక వరసలో ఒక మామ్మగారు "మా రోజుల్లో కుండ అడుగున చిల్లగింజ అరగదీసేవాళ్లం" అంటే డాక్టరమ్మ ఎంత సంబరపడ్డారో, "అది నీళ్లని తేర్చడానికి నిజంగా పనిచేస్తుందమ్మా, కానీ తేరిన నీళ్లు వేరు, శుభ్రమైన నీళ్లు వేరు" అన్నారు. ఆ ఒక్క ముక్క కోసం వంద ఇవ్వొచ్చు.

శవాల గురించి చెప్పింది విని చాలామంది నమ్మలేదు. వరదలో, తుపానులో పోయినవాళ్ల శవాల వల్ల ఊళ్లో కలరా పుడుతుందని మనందరం చిన్నప్పటినుంచీ విన్నాం కదా. అది తప్పట. మునిగిపోయి చనిపోయిన ఆరోగ్యవంతుడి ఒంట్లో కలరా క్రిమి ఎక్కడినుంచి వస్తుంది? రోగం తెచ్చేది బతికున్నవాళ్ల మలం, అది కలిసిన నీళ్లు. అందుకని భయపడి గుర్తుపట్టకుండానే గుంపుగా తగలబెట్టేయడం వల్ల రోగం ఆగేదేమీ లేదు, మనవాళ్లు పోయారో ఉన్నారో తెలియక ఏడ్చే కుటుంబాలు మాత్రం మిగులుతాయి. ఇది చెబుతుంటే అవనిగడ్డ వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచాడు. 1977 ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికాడట, వాళ్ల చెల్లెలు దొరకలేదట. "ఎక్కడో కుప్పలో కాల్చేసుంటారు, రోగాలొస్తాయన్నారు, మేమూ సరేనన్నాం" అని కూర్చున్నాడు. హాల్లో కాసేపు ఫ్యాను చప్పుడే. డాక్టరమ్మ కూడా వెంటనే వేరే విషయంలోకి వెళ్లలేదు, నీళ్లు తాగి, ఆయన దగ్గరికి నడిచివెళ్లి ఏదో మాట్లాడి వచ్చారు.

ఎలుక జ్వరం భాగం కూడా గట్టిగా ఉంది. లెప్టోస్పైరోసిస్ అని పలకలేక అందరం ఎలుక జ్వరమే అన్నాం, మలయాళంలో కూడా ఎలిప్పని అంటే అదేనట. ఎలుకల మూత్రం వరదనీళ్లలో కలుస్తుంది, కాలికి చిన్న గీత ఉన్నా, నీళ్లలో నాని చర్మం మెత్తబడినా క్రిమి లోపలికి పోతుంది. ఎక్కువమందికి వారం, రెండు వారాలకి జ్వరం, పిక్కల్లో పట్టేసినట్టు నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడటం. ముదిరితే కామెర్లు, కిడ్నీలు. కేరళలో 2018 వరదల తర్వాత ఇది విజృంభించింది, బురద ఎత్తే పనిలో ఉన్నవాళ్లకి అక్కడి ప్రభుత్వం వారానికోసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు పంచింది. గర్భిణులు, చిన్నపిల్లలు వేసుకోకూడదు, ఎవరికివాళ్లు మెడికల్ షాపులో కొనుక్కుని మింగకూడదు అని రెండుసార్లు చెప్పారు.

ఆ బిళ్ల ఏ మందుల కుటుంబంలోదో చెబుతూ ఒక పాత ఫొటో చూపించారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి పెద్దగా ఉన్నప్పుడు ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్ అక్కడే తయారై 1948లో బయటికొచ్చింది, అదే ఏడాది ఆయన పోయారు. గోదావరి జిల్లా మనిషి పనిచేయించిన చోట పుట్టిన మందుకి తమ్ముడి వరసయ్యే మందు, కేరళ పెరియార్ నది వరదలో బురద ఎత్తినవాళ్లని కాపాడింది. ఇది స్కూలు పుస్తకంలో పుట్టిన తేదీ, గిట్టిన తేదీ లాగా కాకుండా ఇలా చెబితే మావాడు ఇంటికొచ్చాక కూడా దాని గురించే మాట్లాడాడు.

పాముల గురించి పది నిమిషాలే దొరికింది, ఎందుకంటే టీ టైమ్ అయిందని నిర్వాహకుడొకాయన వాచీ చూపిస్తూ నిలబడ్డాడు. అన్యాయం. కృష్ణా డెల్టాలో కలుగులు మునిగాక పాములు గట్లమీదికి, ఇళ్లలోకి వస్తాయని అందరికీ తెలుసు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరిస్తే ఒక్కోసారి నొప్పే తెలియదని, కడుపునొప్పో, కనురెప్పలు వాలిపోవడమో మొదటి గుర్తు అని, నేలమీద పడుకునేవాళ్లకి దోమతెర పరుపుకిందకి దోపుకోవడం పాముకి కూడా రక్షణేనని నాకు తెలియదు. కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ వద్దు, కరిచిన చోటు కదలకుండా ఉంచి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లడమే. ఇంకో గంట ఇచ్చుంటే ఏం పోయేది?

నాలుగో వారం వేడి గురించి. దీనికి ఇద్దరు వచ్చారు, ఒక ఫిజిక్స్ లెక్చరర్, ఒక స్టాఫ్ నర్సు. ఆయన సైన్సు, ఆవిడ వైద్యం, ఇద్దరూ ఒకరిమీద ఒకరు జోకులేసుకుంటూ చెప్పారు. ఆయన రెండు మామూలు థర్మామీటర్లు స్టాండుకి కట్టాడు. ఒకదాని గుండుకి తడిపిన గుడ్డపీలిక చుట్టి ఎదురుగా ఫ్యాన్ పెట్టాడు. పొడిది 36 చూపిస్తుంటే తడిది కిందకి దిగుతూ దిగుతూ 27 దగ్గర ఆగింది. "ఈ తొమ్మిది డిగ్రీలే మీ చెమట చేసే ఉద్యోగం" అన్నాడు. లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి ఒంట్లోంచి పట్టుకుపోతుందట. తర్వాత తడి థర్మామీటర్‌ని పెద్ద గాజు జాడీలో పెట్టి, లోపల ఇంకో తడిబట్ట వేసి మూత పెట్టాడు. లోపల గాలి ఆవిరితో నిండేకొద్దీ అది మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది, 29, 31, 33. అందరం క్రికెట్ స్కోరు చూసినట్టు చూశాం. ఆ జాడీలో ఉన్న గుడ్డ మన ఒళ్లయితే చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే చల్లబడదు.

రెంటచింతలలో 45 అంటే అమ్మో అంటాం, మచిలీపట్నంలో 39 అంటే ఫర్వాలేదంటాం, కానీ సముద్రపు తేమ కలిశాక ఆ 39 కూడా తక్కువదేం కాదని అప్పుడు తెలిసింది. తడిగుడ్డ అంకె 35కి వెళ్తే ఎంత ఆరోగ్యంగా ఉన్నవాడైనా, నీడలో కూర్చున్నా, కొన్ని గంటలకంటే తట్టుకోలేడని, అంతకంటే చాలా ముందే ముసలివాళ్లు, ఎండలో పనిచేసేవాళ్లు పడిపోతారని చెప్పాడు. ఫ్యాన్ గురించి ఒకాయన అడిగితే, గది 40 దాటితే ఉత్త ఫ్యాన్ గాలి వడగాలే, అప్పుడు ఒళ్లు తడుపుకుని ఫ్యాన్ కింద కూర్చోవాలన్నాడు.

నర్సమ్మ మాట్లాడింది ఇంకా సూటిగా. "ఉల్లిపాయ జేబులో వేసుకోకండి, మజ్జిగలో వేసుకోండి" అని మొదలుపెట్టారు. 2015 మే నెల తనకి బాగా గుర్తుందన్నారు. ఆంధ్రా, తెలంగాణల్లో కలిపి చనిపోయినవాళ్ల లెక్క రెండు వేలు దాటిన వేసవి అది. వడదెబ్బంటే కళ్లు తిరగడం కాదు, మనిషి తికమకగా మాట్లాడటం, మనల్ని గుర్తుపట్టకపోవడం, ఒళ్లు కాలిపోవడం, లోపలి వేడి 40 డిగ్రీలు దాటడం. అప్పుడు పారాసెటమాల్ పనిచేయదు, ఎందుకంటే అది జ్వరం కాదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఊరికే కూర్చోకుండా నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, బకెట్లతో నీళ్లు పోసి, విసురుతూ, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. చల్లబరచడం ముందు, బండెక్కించడం తర్వాత.

మా నాన్న సంగతి నేను అడిగాను. ఆయనకి డెబ్బై ఎనిమిది, బీపీ బిళ్లలు వేసుకుంటారు, వేసవి వస్తే నీరసం, నిలబడితే తూలు. ఆవిడ చీటీ చూపించమన్నారు, ఫోన్లో ఫొటో ఉంది, చూసి "ఇందులో ఒకటి ఒంట్లో నీళ్లు లాగేసే రకం. మీరంతట మీరు మానిపించొద్దు, కానీ ఎండలు ముదరకముందే డాక్టరుగారికి చూపించి వేసవికి డోసు మార్చాలా అని అడగండి" అన్నారు. ఆరేళ్లుగా ఆ బిళ్లలు కొంటున్నా, ఎవరూ చెప్పని మాట. మానసిక వైద్యానికి వాడే కొన్ని మందులూ, కొన్ని ఎలర్జీ బిళ్లలూ చెమట పట్టకుండా చేస్తాయట, అదీ గుర్తుపెట్టుకోండి. అహ్మదాబాద్‌లో 2010 మేలో జనం పిట్టల్లా రాలాక, 2013లో అక్కడి మున్సిపాలిటీ ఎండలకి ఒక ప్రణాళిక రాసుకుందని, ముందురోజే హెచ్చరిక, ఆసుపత్రుల్లో ఐసు, మధ్యాహ్నం పార్కులు తెరిచి ఉంచడం లాంటివి అందులో ఉన్నాయని చెప్పారు.

మొదటి వారం తుపాన్లు. వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన, విషయం తెలిసిన మనిషే, గొంతు మాత్రం మైకుకి అందలేదు. కానీ నాకు నలభై ఏళ్లుగా ఉన్న ఒక అనుమానం తీర్చాడు. 1977 నవంబర్ 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే దివిసీమ ఎందుకు మునిగింది? మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, అందుకని అది వెళ్లే దారికి కుడివైపు గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది, ఎడమవైపు నేలనుంచి సముద్రంలోకి తోస్తుంది. దివిసీమ కుడివైపు పడింది. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పళ్లెంలా చదును, నీటికి పక్కకి పోయే దారి లేక పైకి లేచింది, దాదాపు మూడు మనుషుల ఎత్తు. పదివేలమంది పోయారు. ఇది చూపించడానికి ఏటవాలు చెక్క పెట్టిన పొడవాటి రేకు ట్రేలో నీలం సిరా కలిపిన నీళ్లు పోసి టేబుల్ ఫ్యాన్ ఫుల్‌లో పెట్టాడు. ఉప్పెన చెక్క దాటి, బల్ల దాటి, ముఖ్య అతిథిగారి తెల్ల లాల్చీ మీద తీరం దాటింది. నాలుగు వారాల్లో అందరూ చప్పట్లు కొట్టింది అప్పుడే.

ఒడిశా గురించి చెప్పిన లెక్క కూడా బాగుంది. 1999 సూపర్ సైక్లోన్‌లో దగ్గరదగ్గర పదివేలమంది, 2013 ఫైలిన్‌లో పదిలక్షలమందిని ముందే కదిలించేసరికి చావులు పదుల్లోనే. కానీ ఆరోగ్యం గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు, టైటిల్ సగం ఎగిరిపోయింది, అందుకే పర్వాలేదు అన్నాను.

మూడో వారం భూకంపాలు. అయ్యా, ఎనభై నాలుగు స్లైడ్లు. అన్నీ ఇంగ్లీషు, అక్షరాలు చీమల బారు, చెప్పినాయన వాటిని మాకు వీపు పెట్టి చదివాడు. 2025 మార్చి నెలాఖరులో మయన్మార్‌లో 7.7 వచ్చింది, అంతకుముందు 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 వస్తే ఇక్కడ విజయవాడలో కూడా మంచాలు కదిలాయి, జనానికి ఎంత టెన్షన్ ఉంది, ఎన్ని ప్రశ్నలున్నాయి! ఆయనేమో ఖండాలు ఎప్పుడు విడిపోయాయో దగ్గర మొదలుపెట్టాడు. నా పక్కనాయన గురక పెట్టాడు, నేను లేపలేదు.

ఆ రోజుని కాపాడింది ఒక 108 టెక్నీషియన్ కుర్రాడు. చివర్లో లేచి "సార్, శిథిలాల కింద గంటలకొద్దీ ఇరుక్కున్నవాళ్లు బయటికి తీసేదాకా బాగానే మాట్లాడి, తీశాక చచ్చిపోతారంటారు, ఎందుకు?" అని అడిగాడు. స్పీకర్ తడుముకుంటే, వెనక వినడానికి వచ్చి కూర్చున్న మన రెండో వారం డాక్టరమ్మ లేచి జవాబు చెప్పారు. బరువు కింద నలిగిన కండ చచ్చిపోయి పొటాషియం, మయోగ్లోబిన్ అనేవి పోగవుతాయి, బరువు ఎత్తగానే అవి ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి, మొదటిది గుండెని ఆపుతుంది, రెండోది కిడ్నీలని మూసేస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు, 1941లో బైవాటర్స్ అనే డాక్టరు దీన్ని వివరంగా రాశాడట. అందుకే వీలైతే బరువు ఎత్తకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి, అందుకే పెద్ద భూకంపం వచ్చిన దేశానికి డయాలసిస్ మిషన్లు కూడా పంపిస్తారు. ఆరు నిమిషాలు. ఎనభై నాలుగు స్లైడ్లు ఇంటికెళ్లిపోయాయి.

ఇక పుస్తకం గొడవ. గేటు దగ్గర అరవై రూపాయలకి చిన్న పుస్తకం అమ్మారు, నాలుగు ప్రసంగాల సారాంశం. కాగితం మంచిదే, డెబ్బై జీఎస్ఎం ఉంటుంది, బైండింగ్ పిన్నులు. కానీ ఇరవై రెండో పేజీలో ఇంట్లో ఓఆర్‌ఎస్ చేసుకునే విధానం దగ్గర "లీటరు నీళ్లకి అర చెంచా పంచదార, ఆరు చెంచాల ఉప్పు" అని పడింది! తిరగేసి కొట్టారు. ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టిన టీ చెంచాలే, అదీ కొలత. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. పైగా అదే పేజీలో దిలీప్ మహలనబిస్ గారి కథ ఉంది, 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, తల్లుల చేతే తాగించి, కలరా చావులని నూటికి ముప్పై దగ్గరనుంచి నాలుగు లోపుకి తెచ్చిన మనిషి, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చేనాటికి ఆయన లేరు. అలాంటి కథ కింద అలాంటి తప్పా?

నేను ఆ మధ్యాహ్నమే చెప్పాను. మొదట "చూస్తాం సార్" అన్నారు, డాక్టరమ్మకి చూపిస్తే ఆవిడ అమ్మకం అక్కడికక్కడ ఆపించారు. సాయంత్రం మా షాపుకే వచ్చి మూడు వందల సవరణ స్లిప్పులు కొట్టించుకెళ్లారు, నేనే టైపు చేశాను, మూడుసార్లు సరిచూసుకున్నాను, డబ్బులు తీసుకున్నాను కూడా. అప్పటికే కొన్నవాళ్ల మాటేమిటంటే "వాట్సాప్ గ్రూపులో పెడతాం" అన్నారు. ఆ గ్రూపులో ఇప్పటిదాకా గుడ్ మార్నింగులు, ఒక ప్లాటు అమ్మకం ప్రకటన తప్ప ఏమీ రాలేదు. మీ దగ్గర ఆ పుస్తకం ఉంటే ఇరవై రెండో పేజీ పెన్నుతో దిద్దుకోండి, లేదా మందుల షాపులో 20.5 గ్రాముల ప్యాకెట్ కొని లీటరు నీళ్లలో కలుపుకోండి, అసలు గొడవే ఉండదు.

వర్షాకాలం ముందు ఇంకో విడత పెడతామని చెప్పారు, ఈసారి పిడుగులు, పాముకాట్లు ఉంటాయట, పాములకి పూర్తి ఆదివారం ఇస్తామన్నారు. వెళ్లేవాళ్లకి: పదిన్నరకి చేరినా ఏం కొంపమునగదు. ఎడమవైపు మూడో వరస దాకానే ఫ్యాను గాలి తగులుతుంది. బండి పక్కసందులో పెట్టండి, మెయిన్ రోడ్డు మీద పెడితే చలానా. మంచినీళ్ల సీసా ఇంటినుంచి తెచ్చుకోండి, అక్కడి క్యాన్ నీళ్లని మావాడు క్లోరోస్కోప్‌లో పోసి చూశాడు, రంగు తిరగలేదు.